క్లిక్కు తిప్పే ముందు గ్రూప్ కొలవండి

ప్రశ్న: హనుమకొండలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఐదు నెలలుగా 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటున్నాను. రైఫిల్ క్లబ్బుది, నలుగురం వాడతాం. పేపర్ టార్గెట్లు. పది షాట్లకు ఒకరోజు 91 వస్తే మర్నాడు 84. షాట్ కుడికి పడగానే సైట్ (రైఫిల్ మీద గురిచూసే పరికరం) ఎడమకు తిప్పుతాను, తర్వాతిది ఎడమకు పోతుంది. మా సీనియర్ ‘గ్రూపింగ్ బాగానే ఉంది, సైటే కుదరలేదు’ అంటారు. ఇంకొకరేమో బ్యారెల్ అరిగింది, వేరే రైఫిల్ చూసుకో అంటారు. ఎన్‌సీసీలో ఉన్న మా తమ్ముడు 25 మీటర్లలో తన గ్రూప్ అంగుళం అని చెప్పి నన్ను ఏడిపిస్తున్నాడు. సైట్ ముట్టుకోకుండా వరసగా కొట్టిన పది కార్డుల ఫోటోలు పంపుతున్నాను. తప్పు నాదా, సైట్‌దా, రైఫిల్‌దా? నాకు నేనే ఎలా తేల్చుకోవాలి?
ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం:

ముందు తేలిన విషయం చెప్పేస్తాం, లెక్క వెనకాల చూపిస్తాం. మీ పది కార్డుల మొత్తం 87. పోయినవి 13 పాయింట్లు. వాటిలో 7 సైట్ వల్ల పోయాయి, మిగతా 6 నిలకడ చాలక పోయాయి. బ్యారెల్ అరిగిందన్న మాటకు ఈ కార్డుల్లో ఎలాంటి ఆధారమూ లేదు. దాన్ని పరీక్షించడానికి ఒక గంట చాలు, ఎలాగో కింద రాశాం. మీ సీనియర్ చెప్పింది సగానికి పైగా నిజం. మీరు మానుకోవాల్సింది మాత్రం ఒకటుంది: షాట్ షాట్‌కూ సైట్ తిప్పడం.

గురి, నిలకడ అని రెండు ఉన్నాయి. కొత్తవాళ్లు ఈ రెంటినీ ఒకే స్కోరులో కలిపేసి చూసుకుంటారు, చిక్కంతా అక్కడే. పది షాట్లూ ఒకదానికొకటి ఎంత దగ్గరగా పడ్డాయన్నది నిలకడ. ఆ గుంపు (గ్రూప్) మొత్తం టార్గెట్ మధ్యకు ఎంత దగ్గరగా ఉందన్నది గురి. ముగ్గు చక్కగా కుదిరినా వాకిలికి మధ్యలో కాకుండా ఓ మూలకు పడొచ్చు. ముగ్గు కుదరడం చేతి పని, ఎక్కడ మొదలుపెట్టామన్నది వేరే సంగతి. రైఫిల్‌లో రెండోదాన్ని సైట్ నాబ్ తిప్పి, ఒక్కో మెట్టుకు టిక్కుమనే క్లిక్కులతో, రెండు నిమిషాల్లో సరిచేయొచ్చు. మొదటిది నెలల సాధన. ఏది ఎంత ఉందో తెలియకుండా దేన్ని సరిచేయాలో తెలియదు.

కొలిచే ముందు కార్డు లెక్క తెలియాలి. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కార్డులో మధ్యన తెల్లచుక్క, అంటే 10, అర మిల్లీమీటరు వ్యాసం. 9 రింగ్ 5.5 మి.మీ., 8 రింగ్ 10.5, 7 రింగ్ 15.5. అలా ఒక్కో రింగ్‌కు వ్యాసం 5 మి.మీ. పెరుగుతూ 1 రింగ్ 45.5 దగ్గర ఆగుతుంది. పెల్లెట్ (ఎయిర్ రైఫిల్‌లో వేసే చిన్న గుండు) వ్యాసం 4.5 మి.మీ. పెల్లెట్ అంచు గీతకు తగిలితే చాలు, పై అంకె ఇస్తారు. కాబట్టి రంధ్రం మధ్య నుంచి చూస్తే లెక్క తేలిక: కార్డు కేంద్రానికి 2.5 మి.మీ. లోపు పడితే 10, 5 లోపు 9, 7.5 లోపు 8, 10 లోపు 7. ఎలక్ట్రానిక్ టార్గెట్ల మీద వచ్చే 10.3, 10.7 లాంటి అంకెలూ ఇందులోంచి వచ్చినవే. ప్రతి 2.5 మిల్లీమీటర్లను పది భాగాలు చేసి, పావు మిల్లీమీటరుకు ఒక దశాంశం చొప్పున ఇస్తారు. గరిష్ఠం 10.9.

ఈ కొలతలు చేతిలో ఉంటే పెద్దవాళ్ల స్కోర్లు కూడా కొత్తగా అర్థమవుతాయి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్‌కు చెందిన గగన్ నారంగ్ క్వాలిఫికేషన్‌లో 600కు 598 కొట్టారు. అంటే 60 షాట్లలో కనీసం 58, కేంద్రం చుట్టూ 2.5 మి.మీ. లోపల పడ్డాయి. నిలబడి, గంటకు పైగా, 10 మీటర్ల దూరం నుంచి.

ఇక మీ కార్డులు. ఒక్కో కార్డుకు ఒక్క షాటే కొట్టి మంచి పని చేశారు. ఒకే కార్డులో పది కొడితే రంధ్రాలు ఒకదాన్నొకటి తినేస్తాయి, ఏది ఎక్కడ పడిందో ఆ తర్వాత ఎవరూ చెప్పలేరు. మీరు ఇకముందు ఇంట్లో కొలవడానికి ఒక పనిముట్టు చేసుకోండి. జిరాక్స్ షాపులో మిల్లీమీటర్ గ్రాఫ్‌ను పారదర్శక షీట్ మీద ప్రింట్ తీయించండి. ప్రింట్‌లో 100 మి.మీ. నిజంగా 100 వచ్చిందో లేదో స్కేలు పెట్టి చూడండి, ‘పేజీకి సరిపెట్టు’ అని నొక్కితే నాలుగైదు శాతం కుదించుకుపోతుంది. గ్రాఫ్ మధ్య గీతలు రెండూ కార్డు మధ్య చుక్క మీద కలిసేలా షీట్ పెట్టండి. సరిగ్గా కూర్చుందో లేదో నల్లవృత్తంతో సరిచూసుకోండి, దాని వ్యాసం 30.5 మి.మీ. కాబట్టి నాలుగు వైపులా 15.25 రావాలి. ఇప్పుడు రంధ్రం ఎడమ అంచు ఎంత, కుడి అంచు ఎంత అని చదివి సగం చేస్తే అడ్డం కొలత. పై అంచు, కింది అంచు సగం చేస్తే నిలువు కొలత. పెల్లెట్ వెళ్లాక కాగితం అంచులు లోపలికి ముడుచుకుని రంధ్రం 4.5 కన్నా చిన్నదిగా కనిపిస్తుంది. మధ్యను పట్టుకుంటే ఆ తేడా దానంతట అదే పోతుంది. కార్డు వెనక వైపు నుంచి మాత్రం కొలవకండి, అటు చిరిగి ఉంటుంది.

కుడి, పైకి అన్నవి ప్లస్, ఎడమ, కిందికి అన్నవి మైనస్ అనుకుందాం. మీ ఫోటోల నుంచి దగ్గరి మిల్లీమీటరుకు తీసిన కొలతలు ఇవి (అడ్డం, నిలువు, స్కోరు):

1వ షాట్: +3, +1 – 9
2: +5, –1 – 8
3: +2, +2 – 9
4: +4, 0 – 9
5: +6, +2 – 8
6: +3, –2 – 9
7: +1, 0 – 10
8: +4, +3 – 9
9: +5, 0 – 9
10: +7, –5 – 7

ఎనిమిది, తొమ్మిది షాట్లు సరిగ్గా 5 మి.మీ. దూరంలో, 9 గీతను ముద్దాడుతూ ఉన్నాయి. తగిలితే చాలు కాబట్టి 9.

అడ్డం అంకెలన్నీ కూడితే 40, పదితో భాగిస్తే +4.0. నిలువు అంకెలు కూడితే సున్న. అంటే మీ గుంపు కేంద్రం టార్గెట్ కేంద్రానికి సరిగ్గా 4 మి.మీ. కుడివైపు ఉంది, ఎత్తులో తేడా లేదు. గురిలో తప్పు ఎంత అంటే ఇదీ జవాబు. ఒక్క అంకె, ఒక దిశ.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. మొదటి ఐదు షాట్ల అడ్డం సగటు +4.0, చివరి ఐదింటిదీ +4.0. సైట్ స్క్రూ వదులైనా, మీరు మధ్యలో పాదాలు జరిపినా ఈ రెండూ ఒకటిగా ఉండవు. మీ తప్పు కదలకుండా ఒకేచోట కూర్చుని ఉంది, అలాంటిది క్లిక్కులకు లొంగుతుంది.

ఇక నిలకడ. ఇక్కడ కార్డు మధ్యను మరిచిపోయి, గుంపు కేంద్రం నుంచి, అంటే +4, 0 నుంచి, ఒక్కో షాట్ దూరం కొలవాలి. ఒకటోది 1.4, రెండోది 1.4, మూడోది 2.8, నాలుగోది సున్న, ఐదోది 2.8, ఆరోది 2.2, ఏడోది 3.0, ఎనిమిదోది 3.0, తొమ్మిదోది 1.0, పదోది 5.8. సగటు 2.4 మి.మీ. దీన్ని సగటు వ్యాసార్ధం అంటారు. రేంజ్‌లో ‘గ్రూప్ సైజ్’ అని అందరూ చెప్పుకునేది వేరు. అది బాగా ఎడంగా పడ్డ రెండు రంధ్రాల మధ్య దూరం. మీ కార్డుల్లో అవి మూడోది, పదోది: 8.6 మి.మీ.

రెంటిలో మీరు నమ్మాల్సింది సగటు వ్యాసార్ధాన్ని. ఎందుకో మీ పదో షాటే చెబుతుంది. ఆ కార్డు పక్కన ‘ఎక్కువసేపు పట్టి తొందరపడ్డాను’ అని పెన్సిల్‌తో రాసుకున్నారు. ఆ ఒక్క షాట్ తీసేసి లెక్కిస్తే గ్రూప్ సైజ్ 8.6 నుంచి 5.4కు పడిపోతుంది. అదే సగటు వ్యాసార్ధం 2.4 నుంచి 2.0కు వస్తుందంతే. గ్రూప్ సైజ్ పదింటిలో రెండు షాట్ల మాటే వింటుంది, మిగతా ఎనిమిదీ ఎక్కడ పడ్డా దానికి పట్టదు. పైగా షాట్లు పెరిగేకొద్దీ అది పెరుగుతూనే ఉంటుంది. అదే చేయి, అదే రైఫిల్‌తో ఐదు షాట్ల గ్రూప్ కన్నా పది షాట్ల గ్రూప్ సగటున పావు వంతు పెద్దదిగా వస్తుంది. మూడు షాట్ల గ్రూప్ ఐదింటిదానికన్నా ఐదో వంతు చిన్నది. ఎవరైనా గ్రూప్ సైజ్ చెబితే వెంటనే ‘ఎన్ని షాట్లకు?’ అని అడగండి.

పదో షాట్‌ను లెక్కలోంచి తీసేయాలా అంటే, వద్దు. స్కోరు షీట్‌లో అది ఉంటుంది కాబట్టి కొలతలోనూ ఉండాలి. రంధ్రం చూశాక నచ్చనిదాన్ని పక్కన పెట్టడం మొదలుపెడితే మీ గ్రూప్ రోజురోజుకూ చిన్నదవుతుంది, స్కోరు మాత్రం కదలదు. కావాలంటే ‘పదితో ఇంత, తొమ్మిదితో ఇంత’ అని రెండూ రాసుకోండి.

ఇప్పుడు 13 పాయింట్లు ఎలా పంచామో చూడండి. గుంపు మొత్తాన్ని 4 మి.మీ. ఎడమకు జరిపితే పైన చెప్పిన దూరాలే స్కోరు దూరాలవుతాయి. ఒకటి, రెండు, నాలుగు, ఆరు, తొమ్మిది షాట్లు 10లోకి వస్తాయి. మూడు, ఐదు, ఏడు, ఎనిమిది 9లో పడతాయి. పదోది 8. మొత్తం 94. అదే చేయి, అవే పది షాట్లు, 87 బదులు 94. ఇక్కడ 10 కొట్టిన ఏడో షాట్ జరిపాక 9 అవుతుందని గమనించారా? అది మీ గుంపులో ఎడమ చివరది. సైట్ తప్పుగా ఉన్నప్పుడు 10లో పడ్డ షాట్ మంచి షాట్ కాదు, రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకున్న షాట్. కొత్తవాళ్లు దాన్నే చూసి ‘అప్పుడు ఎలా పట్టుకున్నానో అలాగే పట్టుకోవాలి’ అని వెతుక్కుంటూ వారాలు పోగొట్టుకుంటారు.

సైట్ ఎప్పుడు తిప్పాలి, ఎప్పుడు తిప్పకూడదు అన్నదానికి ఒక కొలబద్ద ఉంది. పది షాట్ల గుంపు కేంద్రం కూడా పూర్తిగా నమ్మదగింది కాదు, మళ్లీ పది కొడితే కాస్త అటూఇటూ వస్తుంది. గుంపు కేంద్రం కార్డు కేంద్రానికి ఎంత దూరంలో ఉందో చూడండి. అది సగటు వ్యాసార్ధంలో సగం కన్నా తక్కువైతే క్లిక్కు ముట్టుకోవద్దు, అది యాదృచ్ఛికంగా వచ్చిన తేడా అయ్యుండొచ్చు. ఐదు షాట్లే కొట్టి ఉంటే సగం బదులు ముప్పావు తీసుకోండి. మీకు సగం అంటే 1.2 మి.మీ. మీ తప్పు 4.0. కాబట్టి అనుమానం లేకుండా తిప్పాల్సిందే.

మరి ఒక్క షాట్ చూసి తిప్పితే? దాని నష్టం ఎంతో లెక్కకు అందుతుంది. మీ చేతి నిలకడ ప్రకారం ఒక్కో షాట్ ఒక్కో దిశలో 2 మి.మీ. దాకా చెదరడం మామూలే. సైట్ సరిగ్గా ఉన్నప్పుడు ఒక షాట్ 2 మి.మీ. కుడికి పడిందనుకోండి. మీరు 2 మి.మీ. ఎడమకు తిప్పారు. ఇప్పుడు సైట్ తప్పైపోయింది. తర్వాతి షాట్ తన సొంత చెదురుకు తోడు ముందు షాట్ చెదురును కూడా మోస్తుంది. ప్రతి షాట్‌కూ ఇలా చేస్తే గుంపు సుమారు 1.4 రెట్లు వెడల్పవుతుంది. మీరు రాసిన ‘కుడికి పడితే తిప్పాను, తర్వాతిది ఎడమకు పోయింది’ అన్నది ఇదే. రైఫిల్ మిమ్మల్ని ఏమార్చలేదు, మీరు దాని వెంటపడి పరిగెత్తారు.

ఇక ఎన్ని క్లిక్కులు? ఒక్కో కంపెనీ సైట్‌కు క్లిక్కు విలువ వేరు, కాబట్టి మీ రైఫిల్‌దాన్ని మీరే కొలవండి. బల్ల మీద ఆనించి పది షాట్లు కొట్టి కేంద్రం తీయండి. అడ్డం నాబ్‌ను 20 క్లిక్కులు ఒకే వైపు తిప్పి మళ్లీ పది కొట్టండి. కేంద్రం 8 మి.మీ. జరిగితే క్లిక్కుకు 0.4 మి.మీ. అప్పుడు మీ 4 మి.మీ.కు 10 క్లిక్కులు. నాబ్ మీద ఉన్న అక్షరాన్ని నమ్మి తిప్పకండి. కొన్ని సైట్లలో ఆ అక్షరానికి ‘షాట్ అటు పడితే ఇటు తిప్పు’ అని అర్థం, కొన్నిట్లో ‘షాట్ అటు జరగడానికి ఇటు తిప్పు’ అని. జర్మన్ సైట్లపై హెచ్, టీ, ఆర్, ఎల్ అని పైకి, కిందికి, కుడి, ఎడమలకు జర్మన్ పదాల మొదటి అక్షరాలుంటాయి. ఒకసారి కొట్టి చూసి, ఏ వైపు తిప్పితే రంధ్రం ఎటు జరిగిందో మీ నోట్‌బుక్‌లో తెలుగులో రాసుకోండి. పాత సైట్లలో దిశ మార్చినప్పుడు మొదటి ఒకటి రెండు క్లిక్కులు మరలోని వదులుకే పోతాయి. అందుకని కావాల్సిన చోటుకు రెండు మూడు క్లిక్కులు దాటించి వెనక్కి తెచ్చుకోండి, ప్రతిసారీ ఒకే వైపు నుంచి వచ్చి ఆగండి.

ఒకరోజు 91, మర్నాడు 84 ఎందుకో ఇక్కడే తేలుతుంది. మీ నిలకడకు పది షాట్ల మొత్తం రెండు మూడు పాయింట్లు అటూఇటూ కావడం సహజం. ఏడు పాయింట్లంటే అనుమానించాలి. రైఫిల్ నలుగురు వాడతారని మీరే రాశారు. ఒకరికి కుదిరిన సైట్ ఇంకొకరికి కుదరదు. చెంప ఆనే చోటు, కన్ను వెనక సైట్ కన్నంలోంచి చూసే తీరు, రైఫిల్‌ను ఎంత వాల్చి పడతారన్నది మనిషిమనిషికీ మారతాయి. మీకు ముందు వాడినవాళ్లు తమకు కావలసినట్టు తిప్పుకుని వెళ్తే మీరు వాళ్ల సైట్‌తో మొదలుపెడుతున్నారన్నమాట. రెండు నాబ్‌లనూ చివరి దాకా తిప్పి, అక్కడి నుంచి మీ స్థానం ఎన్ని క్లిక్కులో లెక్కపెట్టి రాసుకోండి. రేంజ్‌కు వెళ్లగానే మొదటి పని ఆ లెక్కకు సైట్ తెచ్చుకోవడం. చెంపబద్ద (చెంప ఆనించే భాగం) ఎత్తు, బట్ ప్లేటు (భుజానికి ఆనే వెనక భాగం) పొడవు కూడా స్కేలుతో కొలిచి పక్కనే రాయండి.

ఆ పని పెద్ద పోటీల్లోనూ తప్పదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్ ఫైనల్ ముందు తన మొదటి సైటింగ్ షాట్ (లెక్కలోకి రాని, సైట్ చూసుకునే షాట్) 4లో పడిందని, సైట్ కదిలిపోయి ఉందని అభినవ్ బింద్రా తర్వాత చెప్పారు. కాసేపటి ముందే క్వాలిఫికేషన్‌లో 600కు 596 కొట్టిన చేయి అది. ఆయన తన చేతిని అనుమానించలేదు. సైట్ సరిచేసుకుని ఫైనల్లో 104.5 కొట్టి, చివరి షాట్ 10.8తో స్వర్ణం తెచ్చారు. నిలకడ ఎంతో తెలిసినవాళ్లకే అంత దూరం పడ్డ షాట్ తమది కాదని తెలుస్తుంది. మీరు కొత్త, మీకింకా ఆ భరోసా ఉండదు, అందుకే ఒకటి చూసి కాక ఐదో పదో చూసి తిప్పమంటున్నాం.

బ్యారెల్ సంగతి. బల్ల మీద ఇసుక సంచి పెట్టి రైఫిల్ చెక్క భాగం ముందువైపు దాని మీద ఆనించండి, బట్ కింద ఇంకో చిన్న సంచి. బ్యారెల్ గానీ గాలి సిలిండర్ గానీ దేనికీ తగలకూడదు. మీరు రోజూ వాడే పెల్లెట్లతో ఒకే కార్డు మీద పది షాట్లు. ఇక్కడ ఒకే కార్డు సరిపోతుంది, ఎందుకంటే చిరిగిన రంధ్రం బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలిచి 4.5 తీసేస్తే గ్రూప్ సైజ్ వచ్చేస్తుంది. మంచి స్థితిలో ఉన్న మ్యాచ్ రైఫిల్, దానికి నప్పిన పెల్లెట్ కలిస్తే 2 మి.మీ. అటూఇటూ రావాలి. అలా వస్తే మీ 8.6లో రైఫిల్ వాటా ఎంత? ఇలాంటి చెదురులు నేరుగా కూడవు, వర్గాలుగా కూడతాయి. 8.6 వర్గంలోంచి 2 వర్గం తీసేసి వర్గమూలం చూస్తే 8.4. అంటే అసలు చెదరని రైఫిల్ ఎవరైనా చేతికిచ్చినా మీ గ్రూప్ 8.6 నుంచి 8.4కు వస్తుంది. దానికోసం లక్షలు పెట్టకండి.

ఆనించి కొట్టినా 4, 5 మి.మీ. వస్తే అప్పుడు కూడా బ్యారెల్‌ను ఆఖర్న అనుమానించండి. ముందు సైట్ బిగింపు స్క్రూలు, చెక్కను పట్టి ఉంచే స్క్రూలు అలెన్ కీతో చూడండి. తర్వాత పెల్లెట్లు. డబ్బాలోంచి కొన్ని తీసి వెలుతురులో తిప్పి చూస్తే వెనకవైపు పల్చటి అంచు నొక్కుకుపోయినవి కనిపిస్తాయి, అవి పక్కకు తీసేయండి. 4.49, 4.50, 4.51 అని తల సైజుల్లో తేడాలుంటాయి. ఒక్కో రకంతో పదేసి కొట్టి ఏది చిన్న గ్రూప్ ఇస్తుందో చూడండి. ఆ తర్వాత బ్యారెల్ శుభ్రం.

మీ 6 పాయింట్ల నిలకడ ఎలా పెంచుకోవాలన్నది ఒక ఉత్తరంలో తేలేది కాదు, కానీ గుంపు ఆకారం ఎక్కడ వెతకాలో చెబుతుంది. నిలువుగా సాగిన గుంపు అయితే ఊపిరి ఆపే చోటు ప్రతిసారీ మారుతోందని, లేదా ఎడమ మోచేయి తుంటి మీద ఒకేచోట ఆనడం లేదని అనుకోవాలి. గాలి సిలిండర్ పీడనం కూడా చూడండి. పెల్లెట్ సెకనుకు 170 మీటర్ల వేగంతో వెళ్తే 10 మీటర్లలో 17 మి.మీ. కిందికి దిగుతుంది. వేగం 160కి పడితే 19 మి.మీ. దిగుతుంది. ఆ రెండు మిల్లీమీటర్లు దాదాపు ఒక రింగ్. సిలిండర్ ఖాళీ అవుతున్నకొద్దీ షాట్లు వరసగా కిందికి జారతాయి, కాబట్టి మొదటి సగం, చివరి సగం నిలువు సగటులు పోల్చండి. మీ కార్డుల్లో పదో షాట్ పక్కన పెడితే ఆ జారుడు లేదు.

అడ్డంగా సాగితే పాదాల వైపు చూడండి. రైఫిల్ గురిపెట్టి కళ్లు మూసుకుని, రెండు ఊపిరులు తీసి, తెరవండి. సైట్ పక్కకు పోయి ఉంటే శరీరం దాన్ని అటు లాగుతోంది, మీరు కండబలంతో మధ్యకు తెస్తున్నారు. చేతులతో కాదు, వెనక పాదం కొద్దిగా జరిపి సరిచేసుకోవాలి. రైఫిల్ వాలు కూడా షాట్‌ను అడ్డంగానే జరుపుతుంది. 5 డిగ్రీలు వాలితే షాట్ అటువైపు ఒకటిన్నర మి.మీ. పోతుంది. ఎప్పుడూ అంతే వాల్చి పట్టేవాళ్లకు అది గురి తప్పు, క్లిక్కులతో పోతుంది. ఒకసారి వాల్చి ఒకసారి నిటారుగా పడితే నిలకడ తప్పు, ఏ క్లిక్కూ దాన్ని సరిచేయలేదు. రెండు వేర్వేరు గుంపులు కనిపిస్తే మధ్యలో ఏదో మారింది: విరామం తర్వాత చెంప వేరేచోట ఆనింది, లేదా సైట్ వదులైంది.

అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది ఒక చిన్న అలవాటు. షాట్ పేలిన క్షణంలో సైట్ ఎక్కడుందని మీకనిపించిందో, కార్డు చూడకముందే చిన్న వృత్తంలో చుక్క పెట్టి రాయండి. రేంజ్‌లో దీన్ని ‘కాల్’ అంటారు. తర్వాత అసలు రంధ్రంతో పోల్చండి. రెండూ కలిస్తే మీ కన్ను నిజం చెబుతోంది, కుదరాల్సింది పట్టు. కాల్ మధ్యలో ఉండి రంధ్రం ఎక్కడో ఉంటే, అదీ ఒకే దిశలో అయితే సైట్, రకరకాల దిశల్లో అయితే ట్రిగ్గర్ లాగడంలోనో, షాట్ తర్వాత రైఫిల్‌ను వెంటనే దించేయడంలోనో తప్పుంది. పది కార్డుల్లో ఒక్కదాని పక్కన మాత్రమే మీరు అలా రాసుకున్నారు. పదింటికీ రాయండి.

తమ్ముడి విషయం మిగిలింది. వేర్వేరు దూరాల గ్రూపులను పోల్చాలంటే దూరంతో పాటు పెంచి చూడాలి. 10 మీటర్లలో మీ 8.6 మి.మీ., 25 మీటర్లకు 21.5 అవుతుంది. అతని అంగుళం 25.4. బయటి అంచులు పట్టి కొలిచి ఉంటే పాయింట్ 22 బుల్లెట్ వ్యాసం 5.6 తీసేయాలి, అప్పుడు దాదాపు 20. కానీ అతను బహుశా ఐదు షాట్లకు చెబుతున్నాడు, మీవి పది. మీ పదింటిని ఐదు షాట్ల లెక్కకు దించితే 17 చిల్లర. పైగా ఎన్‌సీసీలో పడుకుని కొడతారు, రైఫిల్ మోసేది నేల. మీరు నిలబడి కొట్టారు. ఇద్దరూ ఒకరోజు ఒకే రేంజ్‌లో, మీ క్లబ్ రైఫిల్‌తోనే, చెరో పది కార్డుల మీద నిలబడి కొట్టండి. ఎవరి సైట్ లెక్క వాళ్లు పెట్టుకుని, ఈ గ్రాఫ్ షీట్‌తోనే కొలవండి.